మూడు రాళ్లు కుదిరి నాలుగోది కుదరకపోతే: రాయి జరిపారా, పాత కొలత తప్పా?

టేపు_కొస
ఎ, బి, సి, డి అని నాలుగు హద్దు రాళ్ల పొలం. పాత పటం గొలుసుతో (66 అడుగులు, 100 లింకులు) కొలిచి, పూర్తి లింకులకు సరిచేసి రాసింది. మీటర్లలోకి మార్చి, టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) కొలతలతో పక్కపక్కన పెట్టాను:

ఎబి: 479 లింకులు, 96.36 మీ. ఇప్పుడు 96.40
బిసి: 357 లింకులు, 71.82. ఇప్పుడు 71.72
సిడి: 488 లింకులు, 98.17. ఇప్పుడు 96.41
డిఎ: 388 లింకులు, 78.05. ఇప్పుడు 78.10
కర్ణం ఎసి: 619 లింకులు, 124.52. ఇప్పుడు 123.16
కర్ణం బిడి: 601 లింకులు, 120.90. ఇప్పుడు 120.92

సి రాయి నిటారుగా, గట్టిగా ఉంది. బిసి కుదిరింది కదా, రాయి కదల్లేదు, గొలుసు సాగిపోయి సిడి తప్పు రాసుంటారు అని అవతలి పక్షం వాదన. తవ్వకముందే తేల్చగలమా? తవ్వాల్సి వస్తే ఏం చూడాలి?

గొలుసు_లింకు
అంకెలతోనే చాలావరకు తేలుతుందండీ. సి తగిలే మూడు కొలతలూ పక్కన పెట్టండి. మిగిలిన ఎబి, డిఎ, బిడి 5 సెం.మీ. తేడాలోనే ఉన్నాయి. లింకు అంటే 20.12 సెం.మీ.; పూర్తి లింకుకు సరిచేసినప్పుడు 10 సెం.మీ. అటూఇటూ సహజం. అంటే ఎ, బి, డి రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

గొలుసు సాగితే అన్ని భుజాలకూ ఒకే నిష్పత్తిలో తేడా రావాలి. సిడిలో 1.8 శాతం ఉంటే ఎబిలోనూ 1.7 మీ. కనపడాలి, అక్కడ నాలుగు సెంటీమీటర్లే. పైగా ఆ వాదన దిశే తిరగబడింది. సాగిన గొలుసు తక్కువసార్లు పడుతుంది కాబట్టి పటంలో అంకె తగ్గుతుంది, ఇవాళ కొలిస్తే ఎక్కువ రావాలి. మీకు తక్కువ వచ్చింది.

ఇక బిళ్ల తప్పు చదవడం. 66 అడుగుల గొలుసులో పది లింకులకొక ఇత్తడి బిళ్ల ఉంటుంది, రెండు కొసల నుంచీ ఒకేలా లెక్క వచ్చేట్టు 10కీ 90కీ ఒక పన్ను, 40కీ 60కీ నాలుగు పళ్లు. 40ని 60గా చదివితే 4.02 మీ. తేడా, 30, 70 తారుమారైతే 8.05, గొలుసే ఒకటి లెక్క తప్పితే 20.12. మీ 1.76 వీటిలో దేనికీ దగ్గర లేదు. సిడి ఒక్కటే తప్పు చదివుంటే ఎసి కుదరాలి కదా, అదీ 1.36 తగ్గింది.

నన్నడిగితే బిసి కుదరడమే అనుమానం. బి దగ్గర తాడు పట్టుకుని చాపం మీదుగా డి వైపు జరిపితే సరిగ్గా ఇలాగే వస్తుంది. టేపుతో ఒక్క గట్టు కొలిచి చూసేవాళ్లకి తేడా తెలియదు. రాయి సుమారు 1.8 మీ. జరిగింది, విస్తీర్ణంలో 65 నుంచి 70 చదరపు మీటర్లు పోయింది.

పాత చోటు పట్టాలంటే బి నుంచి 71.82, డి నుంచి 98.17 చాపాలు వేయండి. దాదాపు 90 డిగ్రీల్లో కోసుకుంటాయి కాబట్టి బిందువు గట్టిగా నిలుస్తుంది. ఎ నుంచి వేసే చాపం డి చాపాన్ని 40 డిగ్రీల లోపు కోణంలో కోస్తుంది, దాన్ని సరిచూడ్డానికే వాడండి. లెక్క ప్రకారం 7 సెం.మీ. పక్కనుంచి పోతుంది, గొలుసు కొలతకి అది చాలా మంచి పొంతన.

గట్టు_మీద
పై లెక్కతో పేచీ లేదు, కానీ ఒకటి చూసుకోండి. ఎసి 619 నేల మీద కొలిచి రాసిందా, తర్వాత ఎవరో పటం మీద స్కేలు పెట్టి తీసిందా? 1:2000 పటంలో అర మిల్లీమీటరు అంటే నేల మీద మీటరు. స్కేలుతో తీసిన అంకె అయితే సాక్ష్యంగా పనికిరాదు, అప్పుడు మళ్లీ సిడి ఒక్కటే మిగులుతుంది.

అంతకంటే మేలు, సి రాయిని పంచుకునే పక్క పొలాల పటాలు తీయండి. వాటిలో సి నుంచి వేరే రాళ్లకు కొలతలుంటాయి, అవి వేరేగా కొలిచినవి. అవీ పాత చోటునే చూపిస్తే వాదనకి చోటుండదు.

పార_తాపీ
తవ్వడం గురించి. చాపాలు కలిసిన చోట మీటరు చదరం గుర్తు పెట్టండి. పలుగు వేసి నిలువునా గొయ్యి తీయకండి, వెతికేదే పాడైపోతుంది. దున్నిన పొర 15, 20 సెం.మీ. పారతో ఎత్తేసి, తర్వాత తాపీతో అడ్డంగా చెక్కుతూ పోవాలి. రాయి పీకిన గుంతలో పై మట్టీ కింది మట్టీ కలిసి పడతాయి కాబట్టి రంగు మచ్చగా తేలుతుంది. ఎండిపోయి కనపడకపోతే నీళ్లు చిలకరించి కాసేపు ఆగండి, వదులు మట్టి తడిని వేరేగా పీలుస్తుంది. సన్నని ఇనుప ఊచ గుచ్చినా చుట్టూ బిగిసి, మధ్యలో సర్రున దిగుతుంది.

అడుగున బొగ్గు, ఇటుక ముక్కలు, పెంకులు ఉన్నాయా చూడండి. రాయి కింద గుప్త సాక్ష్యం పాతడం కొత్తదేం కాదు, మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనే బొగ్గు, ఇటుకలు, ఊక, బూడిద పాతమని ఉంది. జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతంలో కాల్చిన మట్టి బిళ్లలు రహస్యంగా అమర్చేవాళ్లు. రాయి జరిపేవాడు రాయినే మోస్తాడు, కింద ఉన్నవి అక్కడే వదిలేస్తాడు.

ఇప్పుడున్న రాయి మీద మట్టి గీత చూడండి. ఏళ్ల తరబడి పాతిన భాగం రంగు వేరు, పైభాగాన రాతిపాచి. పాచి మట్టిలోకి దిగిపోయి ఉంటే, లేదా మట్టి గీత నేలకి జానెడు పైన ఉంటే, రాయిని మళ్లీ పాతారన్నమాట. ఎవరు, ఎందుకు అన్నది మాత్రం రాయి చెప్పదు. పైన ఉలి గుర్తు బాణమైతే అది ఎటు చూస్తోందో పటంతో పోల్చండి.

టేపు_కొస
ఎసి నేల కొలతే, లింకుల్లో రాసి ఉంది. రాయి చుట్టూ కాంక్రీటు పోశారు, మట్టి గీత కనపడదు. పాత ఉపగ్రహ చిత్రాల్లో గట్టు కూడా ఇప్పుడున్న చోటే ఉన్నట్టుంది, అది మనకి ఎదురు సాక్ష్యం కాదా?

గొలుసు_లింకు
కాదండీ. ఆ చిత్రాలు నేల మీద కొన్ని మీటర్లు పక్కకి కూర్చోవచ్చు, 1.8 మీ. గొడవ వాటితో తేలదు. రెండు తేదీల చిత్రాల్లో కదలని బావి అంచునో కల్వర్టు మూలనో ఆధారంగా పెట్టుకుని, అక్కణ్ణుంచి గట్టు దూరం పోల్చితే ఎటు జరిగిందో తెలియొచ్చు, అంతే.

పార_తాపీ
కాంక్రీటు పగలగొట్టకండి. దిమ్మె పక్కన సన్నగా తవ్వి అడుగు చూడండి: కాంక్రీటు కింద గడ్డి, దున్నిన మట్టి నలిగి ఉంటే అది రాయితోపాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. రేగడి నేలైతే ఇంకో సంగతి. బీటలు తీసి ఉబ్బే నేలలో రాయి ఒరుగుతుంది, నాగలి తగిలితే దున్నిన వైపు ఈడ్చుకుపోతుంది, పక్కన గీరిన మచ్చలుంటాయి. అలా కదిలింది నిటారుగా నిలబడదు, బి నుంచి దూరం కూడా కుదుర్చుకోదు.

గట్టు_మీద
తవ్వేముందు ఇరుపక్షాలకీ రాతపూర్వకంగా చెప్పి, ఇద్దరూ ఉండగానే మొదలుపెట్టండి. సి ఇప్పుడున్న చోటునీ ఎ, బి, డి నుంచి కొలిచి రాసుకోండి. ప్రతి పొర ఫొటోలో స్కేలు పట్టీ, ఉత్తరం బాణం ఉండాలి. మచ్చ దొరికినా రాయిని మీరే తెచ్చి అక్కడ పాతకండి. గుంతలో ఇనుప మేకు దించి, మూడు రాళ్ల నుంచి దూరాలు రాసి, మట్టి కప్పేయండి. తర్వాత వచ్చేవాళ్లు మెటల్ డిటెక్టర్‌తో నేరుగా అక్కడికే వస్తారు.