అప్‌డేట్: ఫ్లూ సీజన్‌లో పిల్లల ఎమర్జెన్సీ రద్దీ, చివరికి ఏది పనిచేసిందంటే

ఫ్లూ కేసులతో సాయంత్రం అయ్యేసరికి పిల్లల ఎమర్జెన్సీలో బెడ్లు దొరకడం లేదు, డాక్టర్లను పెంచాలా బెడ్లను పెంచాలా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

రెండూ కాదు. "ట్రయాజ్ నర్సును (ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సు) చీటీ కౌంటర్‌కు ముందు పెట్టండి" అన్న సలహానే పనిచేసింది. బిడ్డ రాగానే బరువు, ఆక్సిజన్ చూసి, చొక్కా పైకెత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెడతారు. 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే, డొక్కలెగరేస్తున్నా, మగతగా ఉన్నా, పాలు పట్టకపోయినా నేరుగా లోపలికే. చీటీ తర్వాత.

మిగతావాళ్లకు, ఇంట్లో ఎప్పుడు వేశారో అడిగి, కిలోకు 15 మి.గ్రా. పారాసెటమాల్ అక్కడే. సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఒకటి, 250 మి.గ్రా. ఒకటి ఉంటాయి కదా, అక్కడే తికమక. 10 కిలోల బిడ్డకు మొదటిది 6 మి.లీ. పైచిలుకు, రెండోది 3 మి.లీ. ఒకే రకం సీసా ఉంచాక డోసు పొరపాట్లు ఆగాయి. జ్వరం దిగాక ఊపిరి మళ్లీ లెక్కపెట్టాలి, ఇది వదలకండి.

పిల్లికూతలకు నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే మెషిన్) బదులు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ ఇవ్వడంతో కుర్చీలు త్వరగా ఖాళీ అవుతున్నాయి.

అందరికీ ఫ్లూ టెస్టు మాత్రం దండగ. అడ్మిట్ అయ్యేవాళ్లకు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లకు చాలు. వాళ్లకైనా రిపోర్టు కోసం ఆగకుండా ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ మొదలుపెట్టేస్తున్నారు. ఏడాది దాటి 15 కిలోల లోపుంటే 30 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు.