తాగడు, కొట్టడు. కానీ నా జీతం, నా ఫోన్ నా చేతిలో ఉండవు. ఇది హింసేనా?

పేరు వద్దు (హైదరాబాద్):
ఆఫీసులో ఒక అక్క ఫోన్ నుంచి రాస్తున్నాను. నా ఫోన్‌లో రాస్తే రాత్రికి ఆయన చదివేస్తారు.

పెళ్లయి ఐదేళ్లు, మూడేళ్ల పాప. మియాపూర్‌లో ఉంటాం. నేను అమీర్‌పేటలో అకౌంట్స్ చూస్తాను, నెలకు 38 వేలు. బ్యాంకు మెసేజ్‌లు ఆయన నంబర్‌కే వెళ్తాయి, ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. ప్రతి ఆదివారం నాకు 900 ఇస్తారు. శనివారం లెక్క చెప్పాలి. పోయిన వారం 60 రూపాయలు తేడా వచ్చింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు, కాళ్లు వణికాయి. పాపకు జామకాయలు కొన్నానని రాత్రి పదకొండింటికి గుర్తొచ్చి, నిద్ర లేపి మరీ చెప్పాను.

సాయంత్రం ఏడు దాటితే వీడియో కాల్ వస్తుంది. మెట్రోలో చుట్టూ ఎవరున్నారో ఫోన్ తిప్పి చూపించాలి. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే. అమ్మతో మాట్లాడినా స్పీకర్‌లోనే. ఆయన గొంతు పెంచరు, "రోజులు బాగాలేవు, నీ మంచికే" అంటారు. నా బంగారం అత్తగారి లాకర్‌లో ఉంది. చెల్లి సీమంతానికి హారం అడిగితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా పాపతో చెప్పి పంపించారు.

అమ్మతో అంటే "తాగడు, కొట్టడు, ఇంకేం కావాలే నీకు" అంది. ఎవరి దగ్గరికైనా వెళ్తే ఏం చూపించను? ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు.

ఆర్‌కే (నెల్లూరు):
మేడమ్, డబ్బు ఒకరి దగ్గరే ఉండటం చాలా ఇళ్లలో మామూలే. ఆయనకు మీరంటే ప్రేమ ఎక్కువేమో. పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి, అప్పుడే చట్టాల దాకా ఎందుకు?

గుంటూరు అక్క:
ఆర్‌కే గారూ, మా అన్నయ్య కూడా జీతమంతా వదిన చేతికే ఇస్తాడు. కానీ లెక్క తప్పితే వాడికి కాళ్లు వణకవు. తేడా అక్కడుందండి.

చెల్లీ, నేను పదకొండేళ్లు ఇలాగే బతికాను. మొదట డిగ్రీ స్నేహితురాలి నంబర్ తీసేయించారు. తర్వాత మా తమ్ముడు వచ్చినప్పుడల్లా ముఖం మాడ్చుకుని కూర్చునేవారు. ఆ గొడవ పడలేక, ఇంటికి రావద్దని తమ్ముడికి నేనే చెప్పాను. వాడు గేటు దగ్గర చెప్పులేసుకుంటూ ఏమీ అనకుండా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఒకసారి చీరల కొట్టులో ఏ రంగు తీయమంటారమ్మా అని అడిగితే ఆయన వైపు చూశాను. నాకు ఏది ఇష్టమో నిజంగానే తెలియలేదు.

నాకూ తొమ్మిదేళ్ల దాకా దెబ్బ పడలేదు. ఉద్యోగానికి అప్లై చేశానని తెలిసిన రోజు పడింది. అందుకే చెబుతున్నాను, నువ్వేం చేయాలనుకున్నా ముందుగా ఆయనతో అనకు. నీ సర్టిఫికెట్లు, ఆధార్, పాప జనన ధ్రువపత్రం కాపీలు ఆ ఆఫీసు అక్క దగ్గర పెట్టు.

వకీలు (కరీంనగర్):
అమ్మా, ఒంటి మీద దెబ్బ చూపించాల్సిన పనిలేదు. 2005 నాటి గృహహింస చట్టం మూడో సెక్షన్‌లో శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే హింస కూడా ఉంది. మీ జీతం మీకు దక్కనివ్వకపోవడం, మీ స్త్రీధనాన్ని, అంటే పెళ్లికి మీకు పెట్టిన బంగారం, కానుకల్ని మీకు అందకుండా చేయడం అందులోకే వస్తాయి. ఆ బంగారం మీది, లాకర్ ఎవరి పేరున ఉన్నా సరే.

కేసు పెడితే ఆయన్ని వెంటనే జైల్లో వేస్తారేమోనని చాలామంది ఆగిపోతారు. ఈ చట్టం కింద మెజిస్ట్రేట్ మొదట ఇచ్చేది రక్షణ ఉత్తర్వు, అంటే మిమ్మల్ని ఇక హింసించకూడదనే ఆదేశం. దాన్ని మీరితేనే శిక్ష, ఏడాది దాకా జైలు పడొచ్చు. కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు కూడా మీకుంది. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని చట్టంలో రాసి ఉన్నా, కోర్టుల్లో ఆలస్యమవుతుంది. దానికి మనసు సిద్ధం చేసుకోండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, నంబర్ 15100. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం దగ్గర్లో ఎక్కడుందో అడగండి. మీ ఫోన్ నుంచి మాత్రం చేయకండి. లెక్కలు రాయించిన కాగితాలుంటే పారేయొద్దు.

పేరు వద్దు (హైదరాబాద్):
లెక్కల పుస్తకం ఉందండి, రెండేళ్లది. ప్రతి పేజీ కింద ఆయన టిక్కు ఉంటుంది. రేపు టిఫిన్ బ్యాగ్‌లో పెట్టి ఆఫీసుకు తెస్తాను.

ఇవాళ మధ్యాహ్నం అక్క ఫోన్ నుంచి 181కి చేశాను. ఏడుపొచ్చి మాట రాకపోతే ఆవిడ ఆగారు, తొందరపెట్టలేదు. శుక్రవారం లంచ్ టైమ్‌లో సఖి కేంద్రానికి వెళ్తున్నాను. లొకేషన్ ఆన్‌లోనే ఉంచి ఫోన్‌ని నా డ్రాయర్‌లో పెట్టేస్తాను. ఆయన ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని అక్క చెబుతానంది.