హాల్లో రాత్కో ప్రింటు పెడదామనుకుంటున్నా, ఎంత సైజు, ఏ గోడ?

గోడకిమేకు:
మాది శ్రీకాకుళం, బలగ వైపు. ఇంటికి ఈమధ్యే రంగులేయించాం, హాల్లో పెద్ద గోడ ఒకటి ఖాళీగా ఉన్నాది, స్లాబు పదడుగుల ఎత్తు. పెద్ద పెద్ద రంగు దిమ్మల బొమ్మలేసే అమెరికా చిత్రకారుడు మార్క్ రాత్కో వేసిన నంబర్ 61, రస్ట్ అండ్ బ్లూ అంటారు చూడండి, 1953లోది, పైన తుప్పు రంగు కింద నీలాలు, అది నాకు చాన్నాళ్ళుగా ఇష్టం. ఆన్లైన్లో 24×36 అంగుళాల పోస్టరు దొరుకుతోంది, తీసీసుకోమంటారా? అద్దం వేయించాలా, కాన్వాసు మీద ప్రింటా? ఆ గోడ మీద పడమటి కిటికీ లోంచి సాయంత్రం ఎండ పడతాది. మా మావయ్యగారేమో "ఇందులో బొమ్మేదమ్మా, పెయింటు షాపులో షేడ్ కార్డుకి ఎవరైనా ఫ్రేము కట్టిస్తారేటి" అంటన్నారు. ఆయన్తో నా పాట్లేవో నేను పడతాను గానీ మీరు సైజూ ఫ్రేమూ సంగతి చెప్పండి.

చెంచాడురంగు:
24×36 మాత్రం వద్దండి. అసలు పెయింటింగు సుమారు 294 సెంటీమీటర్ల ఎత్తు, 233 వెడల్పు, అంటే ఇంచుమించు 5:4. 24×36 అంటే 3:2, కాబట్టి ఆ సైజులో నింపి ప్రింటు చేశారంటే పక్కల కోసీసినట్టే, లేదా పైనా కిందా తెల్లకాగితం మిగిలిపోద్ది. వేరే బొమ్మైతే పక్కన ఓ చెట్టు పోయింది అనుకుంటాం, రాత్కోలో ఆ అంచే ముఖ్యం కదా, రంగు దిమ్మలు అంచు దాకా రాకుండా, మసగ్గా ఆగిపోయి తేలతన్నట్టు ఉండేదంతా అక్కడే. 16×20, 24×30, 32×40 ఇవైతే సరిపోతాయి. నన్నడిగితే 32×40 కన్నా తగ్గొద్దు. ఒరిజినల్ మీ హాల్లో పెడితే నేల నుంచి స్లాబు దాకా వచ్చీసేది, మనిషి దాని ముందు నిలబడితే రంగు తప్ప ఇంకేం కనపడకూడదని అంత పెద్దగా వేశాడు. చిన్న ప్రింటులో ముందు పోయేది అదే.

మైదాజిగురు:
ఫ్రేము గురించి నేను చెప్తా. మన ఊళ్ళో ఫ్రేము షాపులవాళ్ళు ఎక్కువగా దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు కడతారు, అలవాటు కొద్దీ కాగితాన్ని అట్టకి మైదాతో పూర్తిగా అంటించీసి, అద్దాన్ని దానిమీద నేరుగా బిగించీస్తారు. వానాకాలం మన దగ్గర గాల్లో తేమ మామూలుగా ఉండదు, కాగితం అద్దానికి అతుక్కుపోద్ది, బూజు పడతాది, మైదాకి సిల్వర్ ఫిష్ పురుగులు సిద్ధం. షాపుకి వెళ్ళగానే మూడు మాటలు చెప్పండి: కాగితాన్ని పై అంచున మాత్రమే రెండు చోట్ల పట్టించమనండి, అద్దానికీ కాగితానికీ మధ్య అంచుల చుట్టూ మౌంటు అట్ట వెయ్యమనండి, వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు ముక్కలు పెట్టమనండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడాలి. బయటి వాన కొట్టే గోడైతే అసలక్కడ వద్దు.
మామూలు అద్దం వేస్తే ఆ ముదురు నీలంలో మీ ట్యూబులైటూ ఫ్యానూ మీ మొహమూ కనిపిస్తాయి, రాత్కో కనపడడు. మ్యాట్ కాన్వాసు మీద వేయించి చెక్కకి బిగించి అద్దం లేకుండా వదిలీడం మంచిది. ఆయన కూడా ఫ్రేములు కట్టించేవాడు కాదు, కాన్వాసు పక్కల మీదకి కూడా రంగు తీసుకెళ్ళేవాడు. కాకపోతే దుమ్ము పడతాది, మెత్తటి పొడి బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డ జోలికి పోకండి.

నాగావళిఅవతల:
ఆ పడమటి ఎండ సంగతి ఎవరూ మాట్లాడలేదేటి? హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళ భోజనాల హాల్లో రాత్కో పెద్ద పెయింటింగులు 1964లో పెట్టారు, పెద్ద పెద్ద కిటికీలు, ఎండ. ఆయన వాడిన లిథాల్ రెడ్ అనే రంగు వెలుతురుకి ఆగలేదు, ఎరుపంతా వెలిసిపోయి 1979లో దింపీసేరు. 2014లో వాటిని మళ్ళీ చూపించినప్పుడు మీద రంగు ముట్టుకోకుండా, ప్రొజెక్టరు వెలుగేసి పాత రంగులు కనపడేలా చేశారు. ఒరిజినల్ గతే అదైతే మీ ఇంకుజెట్ ప్రింటు ఎంత! పిగ్మెంట్ ఇంకుతో చేసిందా డై ఇంకుతో చేసిందా అడగండి, డై అయితే ఎండకి తొందరగా పోద్ది. గోడ మార్చండి, లేదా మందం కర్టెను వెయ్యండి.
ఇంకోటి, 1961లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీలో షో పెట్టినప్పుడు ఆయనే చెప్పాడు, గోడ మరీ తెల్లగా ఉండకూడదు, లైటు తీక్షణంగా ఉండకూడదు, పెద్ద పెయింటింగుల్ని నేలకి ఆరంగుళాలు మించకుండా కిందకి వేలాడదియ్యాలి అని. మనింట్లో ఆరంగుళాలంటే రోజూ తడిగుడ్డ తగులుద్ది, కాబట్టి దివాను పైన ఓ జానెడు ఎత్తులో పెట్టీసుకోండి. తెల్ల ట్యూబులైటు కింద తుప్పు రంగు చచ్చిపోద్ది, పసుపు ఛాయ బల్బు ఒకటి పక్కకి పెట్టండి.

బూడిదకొండ:
నేను ఒప్పుకోను. పలచగా పొర మీద పొర వేసిన రంగుని ప్రింటు ఎలా చూపిస్తాది, సైజెంతైనా అది ఫొటోయే. ఆ డబ్బుతో సీతంపేట వైపు సవర గిరిజనుల బొమ్మలు ఒరిజినల్ దొరుకుతాయి, మీ మావయ్యగారికి బొమ్మలూ కనపడతాయి. పైగా నెట్లో ఫైలు దింపుకుని మన ఫ్లెక్సీ షాపులో కొట్టించుకోమని సలహాలొస్తాయి, రాత్కో 1970లో పోయాడు, మన చట్టంలో కాపీరైటు వేసినాయన పోయాక 60 ఏళ్ళు, అంటే 2030 ఆఖరు దాకా ఉన్నాది. అనుమతి ఉన్న ప్రింటే కొనండి.

గోడకిమేకు:
బూడిదకొండ గారూ సవర బొమ్మ మా మెట్ల దగ్గర ఆల్రెడీ ఉందండి, దానికీ దీనికీ పోటీ ఏటి. ప్రింటు ఫొటోయే, తెలుసు, ఒరిజినల్ ఉన్న లాస్ ఏంజలెస్ మ్యూజియం దాకా వెళ్ళి చూసొచ్చే యోగం ఇప్పట్లో లేదు. 32×40 కాన్వాసు, అద్దం లేకుండా, ఉత్తరం గోడకి మారుస్తన్నా. గోడ మెరిసే తెలుపు, అది మార్చడం ఇప్పుడు కుదరదు.

మైదాజిగురు:
ఉత్తరం గోడ అవతల బాత్రూం లేదు కదా? ఉంటే ముందు చెయ్యి పెట్టి చెమ్మ చూసుకోండి.