కొత్త కాపరి నుండి సంఘం ఏమి ఆశించవచ్చు?

ప్రశ్న (ఒక సంఘ సభ్యురాలు):

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘానికి చాలాకాలం సేవ చేసిన పాస్టరు గారు పదవీ విరమణ చేశారు. కొత్త కాపరి రాకముందే, ఆయన నుండి ఏమేమి కోరుకుంటున్నారో రాసి ఇవ్వమని పెద్దలు విశ్వాసులందరినీ అడిగి, వచ్చిన కాగితాలను ఒక్కచోట చేర్చే పని నాకు అప్పగించారు. ప్రతి ఆదివారం లోతైన ప్రసంగం, ప్రతి ఇంటికీ తరచుగా దర్శనం, రోగుల కోసం ప్రార్థన, యవ్వనస్థులకు వేరుగా కూటాలు, కలహించే దంపతులకు ఆలోచన చెప్పడం, కానుకల లెక్కలు, భవనం పనులు, ఏ వేళ ఫోను చేసినా పలకడం వంటివన్నీ వాటిలో ఉన్నాయి. విడిగా చూస్తే వీటిలో అన్యాయమైన కోరిక ఒక్కటీ లేదు, కానీ అన్నిటినీ ఒకే మనిషి మీద పెట్టడం న్యాయమా అన్నదే నన్ను కలవరపెడుతోంది. నా ఇష్టం వచ్చినట్టు కొన్నిటిని కొట్టివేయలేను కదా. ఏ ఆధారంతో వీటిని వేరుచేయాలో అనుభవమున్నవారు తెలుపగలరు.

జవాబు (సంఘ పెద్దగా సేవ చేస్తున్న ఒకరు):

సహోదరీ, ముందుగా 1 తిమోతి 3వ అధ్యాయం తెరిచి, అధ్యక్షునికి, అంటే సంఘాన్ని నడిపించే కాపరికి, ఉండవలసిన లక్షణాలను మీ దగ్గరున్న కాగితాల పక్కన పెట్టి చూడండి. అక్కడ పౌలు చెప్పినవి దాదాపు అన్నీ గుణానికి సంబంధించినవే: మితానుభవం, స్వస్థబుద్ధి, ఆతిథ్యం, ధనాపేక్ష లేకపోవడం, కొట్లాడే స్వభావం లేకపోవడం, తన ఇంటివారిని బాగుగా ఏలుకోవడం. పనితనం అని చెప్పదగినది బోధించే సామర్థ్యం ఒక్కటే. మన కోరికల జాబితాలు సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటాయి. పనులు పుటలకొద్దీ ఉంటాయి, గుణం ప్రస్తావన ఒక్క వాక్యంలో ముగుస్తుంది.

ఇక పనుల సంగతి. 120 కుటుంబాలున్న సంఘంలో కాపరి వారానికి నాలుగు ఇళ్లకు వెళ్లినా, ఒక్క చుట్టు పూర్తి కావడానికి 30 వారాలు పడుతుంది. అంటే ఒక్క సాయంత్రం కూడా తప్పకుండా తిరిగినా ఏ కుటుంబానికైనా ఆయన ఏడాదికి రెండుసార్లకంటే ఎక్కువ రాలేరు. ఈ లెక్క ముందే చెబితే, పాస్టరు గారు మా ఇంటి గడప తొక్కడం లేదన్న ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి. నిర్గమకాండము 18లో ఉదయం మొదలుకొని సాయంకాలం వరకు ఒక్కడే కూర్చుని న్యాయం తీరుస్తున్న మోషేను చూసి అతని మామ యిత్రో చెప్పిన మాటలో, మోషే మాత్రమే కాక అతని చుట్టూ నిలిచిన ప్రజలు కూడా నలిగిపోతారని ఉంది. భారమంతా ఒక్కరి మీద పెట్టిన సంఘం తనకు తానే నష్టం చేసుకుంటుందన్న ఈ రెండో భాగాన్ని మనం తరచుగా వదిలేస్తుంటాము.

అపొస్తలుల కార్యములు 6లో అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు వచ్చినప్పుడు, పన్నెండుగురు అపొస్తలులు ఆ బాధను తోసివేయలేదు. అలాగని వాక్యమును, ప్రార్థనను విడిచి తామే ఆ పనికి పూనుకోనూ లేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకొమ్మని సంఘంతోనే చెప్పారు. కాబట్టి మీరు ఏ కోరికనూ కొట్టివేయవద్దు. ప్రతి పనికి ఎదురుగా అది ఎవరు చేయాలో రాయండి. లెక్కలు, భవనం తప్పక ఇతరుల చేతికే వెళ్లాలి. కానుకల సొమ్ము కాపరి ఒక్కరి చేతిలో లేకపోవడం ఆయనకే రక్షణ.

జవాబు (ఒక కాపరి భార్య):

పై జవాబుతో ఏకీభవిస్తూ, జాబితాలో ఎవరూ రాయని ఒక్క విషయం చెప్పదలిచాను. కాపరిని పిలిచినప్పుడు సంఘం ఆయన కుటుంబాన్ని కూడా పనిలోకి తీసుకున్నట్టు భావిస్తుంది. భార్యకు పాట రావాలి, స్త్రీల కూటం నడపాలి, పిల్లలు అల్లరి చేయకూడదు అనే కోరికలు కాగితం మీద కనబడవు గాని, ప్రతి ఆదివారం మా మీద పడే చూపుల్లో ఉంటాయి. కాపరి పిల్లలు కూడా మీ పిల్లల వంటివారే, వారికీ సందేహాలు వస్తాయి, వారూ విశ్వాసంలో మెల్లగానే ఎదుగుతారు. వారంలో ఒక రోజు విశ్రాంతి దినంగా ముందే నిర్ణయించి, అత్యవసరమైతే ఏ పెద్దకు ఫోను చేయాలో అందరికీ తెలియజేయండి. రాకపోకల ఒత్తిడిలో భోజనానికి కూడా తీరిక దొరకని శిష్యులను ఏకాంతంగా వెళ్లి కొంచెం అలసట తీర్చుకొమ్మని ప్రభువే చెప్పాడు (మార్కు 6:31).

జవాబు (ఒక విశ్వాసి):

దర్శనాల విషయంలో నాకు కొంచెం అభ్యంతరం ఉంది. రోగి కోసం సంఘపు పెద్దలను పిలిపించమని యాకోబు 5:14 చెబుతున్నమాట నిజమే, ఆ పని కాపరి ఒక్కరిదే కాదు. అయినా మరణపడక మీద ఉన్నవారి దగ్గరకు, బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి కాపరి స్వయంగా వెళ్లాలి. మందను ఎరుగనివాడు దానికి తగిన వాక్యం ఎలా వడ్డిస్తాడు?

పనుల్లో ఎంత సడలింపు ఇచ్చినా, నడవడిలో మాత్రం ఇవ్వవద్దు. ప్రసంగం ఒక వారం చప్పగా ఉండటం, పేరు మరిచిపోవడం, సమావేశం సరిగా నడపలేకపోవడం సహించదగిన బలహీనతలు. రహస్యంగా చెప్పుకున్న బాధను బయటపెట్టడం, డబ్బు లెక్క చెప్పకపోవడం, ప్రశ్నించినవారిని బెదిరించడం ఆ కోవలోకి రావు. మందకు ప్రభువులుగా కాక మాదిరిగా ఉండమని 1 పేతురు 5:3 ఆజ్ఞాపిస్తోంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నేరారోపణ అంగీకరించకూడదని 1 తిమోతి 5:19 చెబుతుంది, ఆ వెంటనే తరువాతి వచనం పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమంటుంది. మొదటి వచనాన్ని మాత్రమే చదివే సంఘాల్లో గాయపడినవారికి న్యాయం జరగదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. ప్రతి పనికి ఎదురుగా బాధ్యుల పేరు రాసే వరుస ఒకటి చేర్చి, గుణలక్షణాలను మొదటి పుటలో పెడతాను. ఆయన విశ్రాంతి దినం, జీతం, కానుకల లెక్క చూసేవారు ఎవరన్నది కూడా పిలుపు పత్రంలోనే ఉండాలని పెద్దలను అడుగుతాను. యవ్వనస్థుల కూటాలకు ఇంకా ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి, ఆ గడి ప్రస్తుతానికి ఖాళీగానే సంఘం ముందు పెడతాను.