పాత వీడియో గేమ్‌కు ఎన్‌ఈఎస్ ప్యాడ్ కలపడం ఎట్లా?

మాది అనంతపురం. చిన్నప్పటి క్యాసెట్ల వీడియో గేమ్ ఇంకా బాగానే ఆడుతోంది, ప్యాడ్లే పోయాయి. టవర్ క్లాక్ దగ్గర కొత్తది తెచ్చాను. తయారుచేసినోడు జన్మలో గేమ్ ఆడినట్టు లేడు! టర్బో బటన్ సరిగ్గా బొటనవేలి కిందికే వస్తుంది, ఒక్కసారి నొక్కితే హీరో ఎగురుతూనే ఉంటాడు. బాణాల బటన్ కుడికి నొక్కితే పైకి కూడా తగులుతుంది. వైరు మూరెడే.

నా దగ్గర నింటెండో ఎన్‌ఈఎస్ (నింటెండో కంపెనీ పాత గేమ్ మిషన్) ఒరిజినల్ ప్యాడ్ ఒకటుంది. దాని ప్లగ్గుకు 7 పిన్నులు, నా మిషన్‌కు 9. ప్యాడ్ లోపల 4021 చిప్ (ఏ బటన్లు నొక్కామో వరసగా మిషన్‌కు పంపేది), పనిచేసే వైర్లు ఐదే: 5 వోల్టులు, గ్రౌండ్, లాచ్ (బటన్లు ఎట్లున్నాయో పట్టుకోమని మిషన్ ఇచ్చే సిగ్నల్), క్లాక్ (ఒక్కొక్కటే పంపమనే సిగ్నల్), డేటా (ప్యాడ్ నుంచి మిషన్‌కు పోయేది). ఈ లోకల్ మిషన్లలో పిన్నుల వరస అన్నిట్లో ఒకేలా ఉండదంట. మల్టీమీటర్‌తో లాచ్ ఏదో, క్లాక్ ఏదో పట్టుకోవడం ఎట్లా అన్నా? చిప్ కాలిపోతుందేమోనని టెన్షన్. చేసి చూసినవాళ్లు చెప్పండి.