‘చాంబర్ ఆఫ్ సీక్రెట్స్’ 2002 సీడీ విండోస్ 11లో తెరుచుకోవడం లేదు, దారి ఏమైనా ఉందా?

బెజవాడ నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఐదో తరగతి. సెలవుల్లో హ్యారీ పోటర్ రెండో పుస్తకం పూర్తి చేసింది. అప్పటి నుంచి చేతికి ఏ పుల్ల దొరికినా అది మంత్రదండమే. మా బావమరిది అటక మీది పెట్టెలో ఆ పుస్తకం మీద వచ్చిన కంప్యూటర్ ఆట దొరికింది. ‘హ్యారీ పోటర్ అండ్ ద చాంబర్ ఆఫ్ సీక్రెట్స్’, 2002 నాటిది, అసలు సీడీ, గీతలు కూడా లేవు. మా ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటు లేదు కనుక యూఎస్‌బీతో తగిలించే డ్రైవ్ కొన్నాను.

ఇన్‌స్టాల్ చివరి దాకా సాఫీగా జరిగింది. ఆ తర్వాత ఆట గుర్తు మీద నొక్కితే చక్రం ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది. ఆట రాదు, ఏం తప్పో చెప్పే సందేశమూ రాదు. పాత విండోస్ ఎక్స్‌పీలో ఉన్నట్టు నడిపించే కాంపాటిబిలిటీ పెట్టాను, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపాను, ఫలితం శూన్యం. మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి సీడీ పాడైందని తేల్చేశాడు. నిజమేనా? ఇంట్లో ఒకరు రోజూ ‘నాన్నా, ఎప్పుడు’ అని అడుగుతున్నారు, కాస్త త్వరగా చెప్పండి.

గోడమీది పిల్లి

గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మలు చూపే భాగాన్ని నడిపే ప్రోగ్రామ్, అప్‌డేట్ చేశారా? నాకు వేరే పాత ఆటతో ఇలాగే అయితే దానితోనే సరిపోయింది.

పాత సీడీల పెట్టె

ఈ ఆట దాకా గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పని లేదు పిల్లిగారూ, వ్యవహారం అంత దూరం వెళ్లకముందే ఆగిపోతోంది. నాన్నగారూ, మీ సీడీ నిక్షేపంగా ఉంది. పాడైన సీడీ అయితే ఇన్‌స్టాల్ మధ్యలోనే మొరాయించేది.

అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో నకళ్లు తీయకుండా ఆటల సీడీలకు సేఫ్‌డిస్క్ అనే రక్షణ పెట్టేవారు. మామూలుగా చదవడానికి లొంగని కొన్ని భాగాలను సీడీ మీద కావాలనే ఉంచేవారు. ఆట మొదలయ్యే ముందు సెక్‌డ్రైవ్ అనే చిన్న డ్రైవర్ ఆ భాగాలను తడిమి చూసి, ఇది అసలు సీడీయే అని ధ్రువీకరిస్తేనే ఆట తెరుచుకునేది. ఆ డ్రైవర్‌లో భద్రతా లోపం బయటపడింది. అది విండోస్ అడుగు పొరలో, అన్ని అధికారాలతో నడిచే ముక్క. దాని లోపాన్ని పట్టుకుంటే ఏ మామూలు ప్రోగ్రామైనా కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలదు. అందుకే 2015 సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ విస్టా, 7, 8, 8.1లలో దాన్ని ఆపేసింది. విండోస్ 10లో అయితే మొదటి నుంచీ లేదు, 11లోనూ లేదు. తాళం బాగానే ఉంది, తాళం తీసే మనిషినే కొలువు నుంచి తీసేశారు, అంతే. కాంపాటిబిలిటీలో ఎన్ని గడులు నొక్కినా లేని డ్రైవర్ రాదు.

నా మాట మీద అనుమానం ఉంటే సీడీని ఫోల్డర్‌లా తెరిచి చూడండి. 00000001 అనే పేరుతో టీఎంపీ ఫైలు కనిపించిందంటే అది సేఫ్‌డిస్క్ గుర్తే.

బెజవాడ నాన్న

చూశాను, ఆ ఫైలు ఉంది! సీడీ పోలేదని తెలిసినందుకే సగం సంతోషం. మరి ఇప్పుడేం చేయాలి? డిజిటల్‌గా కొనుక్కుందామంటే ఏ దుకాణంలోనూ దొరకడం లేదు.

పాత సీడీల పెట్టె

దొరకదు. ఆ పేరుతో వెతికితే వచ్చేవి లెగో హ్యారీ పోటర్ ఆటలు, అవి వేరు. 2001 నుంచి వచ్చిన ఆ పాత వరుస డిజిటల్ అమ్మకంలో లేదు.

నా లెక్కలో మంచి దారి ఒక్కటే: విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రం. బంధువుల ఇళ్లలో వెతకండి, ఎవరి బీరువాలోనో ఒక ల్యాప్‌టాప్ మూలుగుతూనే ఉంటుంది. ఈ ఆట పుట్టిందే ఆ కాలపు యంత్రాల కోసం, ఇంకేమీ మార్చనక్కర లేకుండా నడుస్తుంది. ఒక్క షరతు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్‌లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి కనుక దాన్ని ఇంటర్నెట్‌కు కలపవద్దు. వైఫై ఆపేసి, దాన్ని పిల్లల ఆటకు మాత్రమే ఉంచండి.

విండోస్ 7 యంత్రం దొరికినా పని జరుగుతుంది. అందులో డ్రైవర్‌ను ఆపారు తప్ప పీకెయ్యలేదు. ఆడే ముందు దాన్ని లేపి, ఆట అయ్యాక మళ్లీ ఆపే పద్ధతిని మైక్రోసాఫ్టే ఆ అప్‌డేట్ వివరాల పేజీలో ఇచ్చింది. ఆపడం మరిచిపోయే అలవాటు ఉన్నవారికి మాత్రం నేను సిఫారసు చేయను.

వర్చువల్ మెషీన్ గురించి ఎవరో ఒకరు అంటారు కనుక ముందే చెబుతాను. మీ ల్యాప్‌టాప్‌లోనే ఎక్స్‌పీని ఒక పెట్టెలో పెట్టి నడపవచ్చు. చిక్కంతా త్రీడీ బొమ్మలతో. అలా నడిపే ప్రోగ్రామ్‌లలో ఒకటైన వర్చువల్‌బాక్స్‌లో 6.1 నుంచి ఎక్స్‌పీ కోసం ఉన్న పాత త్రీడీ సదుపాయాన్ని తీసేశారు. అలాంటిదే ఇంకొకటి, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ కొంత నయం, ఇప్పుడు ఉచితం కూడా. అయినా దానికో ఎక్స్‌పీ లైసెన్సు కావాలి, సీడీ డ్రైవ్‌ను లోపలికి అప్పగించాలి, ఆ తర్వాత ఆట తడబడితే తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఐదో తరగతి పిల్ల అంత ఓపిక పడుతుందా?

మెరుపు 99

ఇంత రామాయణం అవసరమా అన్నా? రక్షణ తీసేసిన ఆట ఫైలు ఒకటి ఉంది, దాన్ని పాతదాని స్థానంలో పెడితే చాలు. లింకు [తొలగించబడింది]

నిర్వాహకుడు

లింకు తీసేశాను. ఈ బృందంలో అలాంటి ఫైళ్లు పంచుకోకూడదని పైన పిన్ చేసి ఉంది. చట్టం మాట అటుంచండి, ఎవరు మార్చారో తెలియని ఫైలును పిల్లలు బడి పాఠాలు చేసుకునే కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా నడపమని సలహా ఇవ్వడం బాధ్యత కాదు తమ్ముడూ. విడిగా ఆ సెక్‌డ్రైవ్ ఫైలును దించుకుని విండోస్ 11లో బలవంతంగా పెట్టాలని చూసేవారికీ ఇదే మాట.

బెజవాడ నాన్న

శుభవార్త. మా అత్తగారింట్లో ఎక్స్‌పీ ల్యాప్‌టాప్ ఉంది! బ్యాటరీ చచ్చింది, తీగ తగిలించి ఉంచితే పనిచేస్తోంది. సీడీ పెట్టగానే ఆట వచ్చేసింది. మా అమ్మాయి ఆ సంగీతం వినగానే గంతులేసింది.

ఇప్పుడు కొత్త తగువు. తను యూట్యూబ్‌లో ఎవరో ఆడిన వీడియో చూస్తోంది. అందులో మొదట రాన్ వాళ్ల ఇల్లు, తోటలో నోమ్‌లనే మరుగుజ్జు జీవులను పట్టి గిరగిర తిప్పి విసిరేయడం ఉన్నాయి. మా ఆటలో అవేవీ లేవు, కారు చెట్టుకు గుద్దుకోవడంతో మొదలవుతోంది. వీడియోలో హ్యారీ చీపురు ఎక్కి కోట చుట్టూ తిరుగుతున్నాడు. మాకు ఆ చీపురు ఎక్కడ ఉందో దొరకలేదు. సగం ఆట ఇన్‌స్టాల్ కాలేదని మా అమ్మాయి తీర్మానం. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

హఫుల్‌పఫ్ అక్క

చేయకండి! మీ ఆట పూర్తిగానే ఉంది. మీ అమ్మాయి చూస్తున్నది వేరే ఆట.

2002 నవంబరులో సినిమాతో పాటు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఈ పేరుతో ఒక ఆట కాదు, ఒక గుంపునే దింపింది. కంప్యూటర్ ఆటను నోవండర్ అనే సంస్థ అన్‌రియల్ ఇంజిన్ అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద కట్టింది. ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్‌ల ఆటను యూరోకామ్ చేసింది. మొదటి ప్లేస్టేషన్‌ది ఆర్గొనాట్ చేసిన మరొకటి. గేమ్‌బాయ్ కలర్‌లో వచ్చింది గ్రిప్టోనైట్ చేసిన ఆట, అందులో పోరాటం వంతులవారీగా సాగుతుంది. కథ ఒకటే, అట్ట మీద పేరు ఒకటే, లోపల కోట పటం దగ్గర నుంచి అన్నీ వేరు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది జెరెమీ సోల్ సంగీతం. మీ అమ్మాయిని గంతులేయించింది అదే.

నోమ్‌ల తోట, కోట ఆవరణలో చీపురు మీద స్వేచ్ఛగా ఎగరడం యూరోకామ్ ఆటలోవి. కంప్యూటర్ ఆటలో చీపురు క్విడిచ్‌కే, అంటే చీపుర్ల మీద ఎగురుతూ ఆడే మాంత్రికుల పోటీకే. కనుక వీడియో వెతికేటప్పుడు పేరు పక్కన పీసీ అని తప్పక చేర్చండి. గుర్తుపట్టడం తేలిక: మొదట్లోనే నోమ్‌ల తోట వస్తే ఆ వీడియో మూసేయండి.

నన్నడిగితే పిల్లలకు కంప్యూటర్ ఆటే మేలు. పెద్ద తిరుగుడు ఉండదు. తరగతిలో మంత్రం నేర్చుకోవడం, వెంటనే ఆ మంత్రం కోసమే కట్టిన సవాలు గదుల్లోకి వెళ్లడం, అక్కడ నక్షత్రాలు ఏరుకోవడం. యూరోకామ్ ఆటను అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం అందులో నడకే ఎక్కువ అనిపిస్తుంది.

బెజవాడ నాన్న

అమ్మయ్య. అక్కా, ఇది చదివి వినిపిస్తే ఇంట్లో శాంతి నెలకొంది. తనది ఇంకో ప్రశ్న, తన మాటల్లోనే: ‘ఒక చోట నేల అయిపోయింది, ఎదురుగా గట్టు ఉంది, దూకితే అందడం లేదు, కింద పడిపోతున్నాను. పక్కన కోరలున్న రాతి బొమ్మ ఉంది.’

హఫుల్‌పఫ్ అక్క

ఆ రాతి బొమ్మే జవాబు. ఈ ఆటలో గార్గాయిల్ కనిపించిన ప్రతిచోటా ఏదో దాగి ఉందని అర్థం. తనను బొమ్మకు ఎదురుగా నిలబడమనండి. మౌస్ ఎడమ మీట నొక్కి పట్టుకుని, దండం మెరుపును బొమ్మ మీదికి తేవాలి. మంత్రాన్ని తను ఎంచుకోనక్కర లేదు, గురి కుదిరితే ఆటే లూమోస్‌ను ఎంచుకుంటుంది. మీట వదలగానే వెలుగు వస్తుంది, అంతదాకా కనిపించని అడుగులు మెరుస్తూ బయటపడతాయి. ఆ వెలుగు కాసేపే ఉంటుంది. వెలుగు రాగానే పరుగెత్తవద్దు. ముందు ఒకసారి నిలబడి మెట్లు ఎటు పోతున్నాయో చూసుకుని, రెండోసారి వెలిగించి దాటమనండి. కంగారుపడే పిల్లలు అక్కడే పడిపోతారు.

మిగతావీ అలాగే, వస్తువును చూస్తే మంత్రం తెలిసిపోతుంది. తాళం పడిన పెట్టెలకు అలోహోమోరా, దారికి అడ్డంగా జిగురులా పరుచుకున్న ఆకుపచ్చ ఎక్టోప్లాజమ్‌కు స్కర్జ్, సాలెగూళ్లకు, అడ్డొచ్చే తీగలకు డిఫిండో. గుర్తు ఉన్న నేల పలక మీద స్పాంజిఫై వేస్తే అది ఎగరేస్తుంది. అవి ఇంకా నేర్చుకోకముందే ఎదురైతే అక్కడ తల బద్దలు కొట్టుకోకుండా ముందుకు సాగిపోమనండి.

ఇంకొకటి, ప్రాణం తక్కువైతే కంగారు పడనక్కర లేదు. విగెన్‌చెట్టు బెరడు, ఫ్లాబర్‌పురుగు జిగురు కనిపించినచోటల్లా ఏరి పెట్టుకుంటే, కాగు దొరికినప్పుడు విగెన్‌వెల్డ్ కషాయం కాచుకోవచ్చు. పిల్లలు రంగురంగుల బీన్లు మాత్రమే ఏరి ఈ రెండింటినీ వదిలేస్తుంటారు. బీన్లు కూడా దాచుకోమనండి, కోటలో కొందరు విద్యార్థులు వాటికి బదులుగా మాంత్రికుల కార్డులు అమ్ముతారు. మొత్తం 101 కార్డులు: 50 కంచువి, 40 వెండివి, 11 బంగారానివి.

గోడమీది పిల్లి

నాదీ ఒక సందేహం. నా దగ్గర కూడా ఎక్స్‌పీ యంత్రంలో ఇదే ఆట ఉంది, కానీ తెర వెడల్పుది. మెనూలో సరిపోయే రిజల్యూషనే లేదు, మనుషులందరూ పొట్టిగా, బొద్దుగా కనిపిస్తున్నారు.

పాత సీడీల పెట్టె

మెనూను వదిలేయండి. మై డాక్యుమెంట్స్‌లో ‘హ్యారీ పోటర్ 2’ ఫోల్డర్ ఉంటుంది, 2 రోమన్ అంకెలో రాసి ఉంటుంది. అందులో గేమ్ అనే పేరుతో ఉన్న ఐఎన్ఐ ఫైలును, అంటే ఆట సెట్టింగులు రాసి ఉండే ఫైలును, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ముందు దాని నకలు ఒకటి పక్కన పెట్టుకోండి. ‘ఫుల్‌స్క్రీన్ వ్యూపోర్ట్ ఎక్స్’ అన్న వరుసలో తెర వెడల్పు, ‘వై’ అన్న వరుసలో ఎత్తు వేసి సేవ్ చేయండి. 1280, 800 తెర అయితే ఆ అంకెలే. తర్వాత ఆట మెనూలో రిజల్యూషన్ జోలికి వెళ్లవద్దు, వెళ్తే మీరు వేసింది చెరిగిపోతుంది.

పొట్టితనం పోతుంది కానీ ఇంకో లోపం మొదలవుతుంది. ఈ తరం అన్‌రియల్ ఇంజిన్ తెర వెడల్పయితే పక్కల కొత్తగా ఏమీ చూపదు, పైనా కిందా కోసేస్తుంది. చూపు కోణం 90 డిగ్రీలకు బిగించి ఉండటమే కారణం. యూజర్ ఐఎన్ఐ ఫైలులో ‘డిఫాల్ట్ ఎఫ్ఓవీ’ అన్న అంకెను 16:10 తెరకు 100, 16:9 తెరకు 106 చేస్తే కోసేసిన భాగం తిరిగి వస్తుంది. కథ నడిచే దృశ్యాల్లో ఆట తన కోణాన్నే వాడుకుంటే పట్టించుకోవద్దు.

బెజవాడ నాన్న

గార్గాయిల్ గండం దాటింది! ఇప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బెరడు ఎక్కడుందో చూపించమంటోంది. చివరిగా ఒక్కటి. ఆ ల్యాప్‌టాప్ అప్పుడప్పుడు టకటక శబ్దం చేస్తోంది. పరవాలేదా?

పాత సీడీల పెట్టె

అది హార్డ్ డిస్క్ అయితే పరవాలేదు అనలేను. ఆటలో గాలిలో తేలే పుస్తకాన్ని తాకినప్పుడు మీ అమ్మాయి ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కదా, ఆ రాతంతా నేను పైన చెప్పిన ఫోల్డర్‌లోనే సేవ్ అనే పేరు కింద ఉంటుంది. ఆడటం అయ్యాక ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. డిస్క్ పోయినా ఇంకో ఎక్స్‌పీ యంత్రంలో అదే చోట అతికిస్తే ఆట అక్కడి నుంచే మొదలవుతుంది. పెన్‌డ్రైవ్‌ను తిరిగి మీ కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించే ముందు ఒకసారి వైరస్ స్కాన్ చేయండి, ఆ పాత యంత్రాన్ని గతంలో ఎవరెవరు వాడారో మనకు తెలియదు కదా.