‘బర్రె సుగంధి’లో బర్రె ఎందుకొచ్చింది?

మాది ఉదయగిరి వైపు. ఎండలు మొదలైతే ఇంట్లో సుగంధిపాల వేర్లతో షర్బత్ చేస్తారు. ఈసారి నెల్లూరులో ఒక నాటుమందుల కొట్లో కొన్నాను. పొట్లం విప్పితే ఘుమఘుమ. మా అవ్వ మాత్రం ఒక ముక్క వేళ్ళ మధ్య తిప్పి చూసి, “ఇది సుగంధి కాదురా అబ్బయా, బర్రె సుగంధి” అని పక్కన పెట్టేసింది. వాసన అదే కదా అంటే వినదు. ఈ ‘బర్రె’ ఏంటి, తిట్టా?

జవాబు: తిట్టు కాదు తమ్ముడూ, కొలత. మామూలు పల్లేరు కన్నా పెద్ద కాయ కాసేదాన్ని ఏనుగు పల్లేరు అంటాం కదా, ఇదీ అంతే. సన్నటి సుగంధి పక్కన లావుపాటి దుంపవేరు బర్రె సుగంధి. నల్లమల, శేషాచలం కొండల్లో తవ్వే మారేడు గడ్డలు ఇవే. (శివుడి మారేడుతో వీటికి ఏ చుట్టరికమూ లేదు. ఆ గొడవ ఇంకో రోజు.)

వాసన మీద మీ అవ్వతో వాదించకండి. రెండింటికీ ఆ వాసననిచ్చే పదార్థం ఒకటే, 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. చేత్తో చూడాల్సిందే. అసలు సుగంధి వేరు మహా అయితే పెన్సిలంత లావు. ముదురు గోధుమ రంగు, మెలికలు, పైన అడ్డంగా పగుళ్ళు, లోపల గట్టి కట్టె. మారేడు గడ్డ బొటనవేలంత, అంతకన్నా లావు కూడా, నిండా కండ. తరిగి ఎండబెట్టాక ఈ కల్తీని పోల్చుకోవడం కష్టం, పొడి చేస్తే ఇక చెప్పక్కర్లేదు. నిడుపాటి వేర్లే అడిగి తీసుకోండి.

తీగతో సహా దొరికితే మరీ మంచిది. చాలావరకు ఆకు నడుమ తెల్లటి చార ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. పేరులో ‘పాల’ అదే. పాలు నల్లతీగ అనే ఇంకో మొక్కకీ వస్తాయనుకోండి, కానీ దాని వేరుకు ఈ వాసన ఉండదు. అక్కడ ముక్కు పనికొస్తుంది.

ఇంకొకరు: కల్తీ అంటే పెద్దమాటేమో అక్కా. ఒకటి దొరక్కపోతే దాని బదులు వేరేది వాడటం ఆయుర్వేదంలో ఉన్నదే, ‘ప్రతినిధి ద్రవ్యం’ అంటారు.

జవాబు: అంటారు. పొట్లం మీద ‘బర్రె’ అని రాసి ఇచ్చుంటే నాకూ పేచీ లేదు. ఆ ఒక్క మాట ఎగరగొట్టి అమ్మితేనే కల్తీ.

మొదట అడిగినవారు: పొట్లం ఇప్పుడే చూశా. ‘నన్నారి’ అని ఉంది.

జవాబు: కొట్టువాడు గట్టివాడే! సుగంధి వేరునీ నన్నారి అంటారు, మారేడు గడ్డల్నీ నన్నారి కొమ్ములంటారు. ఏమని పట్టుకుంటాం?